మీదూరు, కిందూరు, మధ్యన సింగాయభట్టు కాలువ

గోడకు తగిలించిన మ్యాపులో ధర్మవరం పైన ఉంటుంది, హిందూపురం అడుగున ఉంటుంది, పెనుకొండ రెంటికీ నడుమ. మా వైపు మాటల్లో ఇది తలకిందులు. హిందూపురం మీదూరు, ధర్మవరం కిందూరు. నేను ధర్మవరం బయల్దేరుతుంటే మా అవ్వ "కిందికి ఎప్పుడు పోతాండావు నాయనా?" అనేది. ఆమె బడికి పోలేదు, మ్యాపు చూసి ఎరగదు. మీద అంటే నీళ్లు వచ్చే దిక్కు, కింద అంటే నీళ్లు పోయే దిక్కు. ఉత్తరం పైన ఉండాలన్నది కాగితం మీద గీసేవాళ్లు పెట్టుకున్న ఏర్పాటు. నీళ్లకు ఆ సంగతి తెలియదు.

అవ్వ మాట నిజమో కాదో తేల్చుకోవాలంటే రైలెక్కితే చాలు. స్టేషన్లో పసుపు బోర్డు మీద ఊరిపేరుతో పాటు చిన్న అక్షరాల్లో ఒక అంకె ఉంటుంది, ఆ చోటు సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో చెప్పేది. సెల్ఫీల వెనక వేల సార్లు పడివుంటుంది, చదివినవాళ్లు తక్కువ. హిందూపురం దాదాపు 620 మీటర్ల ఎత్తున ఉంది. ధర్మవరం 400 లోపే. ఎనభై కిలోమీటర్ల లోపు ప్రయాణంలో మనం రెండువందల మీటర్లకు పైగా దిగిపోతాం, కిటికీ పక్కన వేరుశనక్కాయలు తింటూ, దిగుతున్నామని తెలియకుండానే. లెక్కేస్తే కిలోమీటరుకు సుమారు మూడు మీటర్ల వాలు. స్నానాల గదిలో బండలు పరిచే మేస్త్రీ మీటరుకు ఒక సెంటీమీటరు వాలు ఇస్తాడు. ఇది అందులో మూడోవంతు. అంత కొంచెం వాలు చాలు, ఒక నది ఏ దిక్కుకు పోవాలో తేలడానికి.

బడిలో మాకు 'జలవిభాజకం' అనే మాటను నిర్వచనంతో సహా బట్టీ పెట్టించారు. పక్కనే దానికి పెద్ద ఉదాహరణ ఉందని మాత్రం చెప్పలేదు. రేకుల ఇంటికి నడిమిన వెన్ను ఉంటుంది కదా. వెన్ను మీద పడిన రెండు చినుకులు జానెడు దూరంలో పడినా సరే, ఒకటి ముందు వాకిట్లోకి, ఇంకొకటి పెరట్లోకి పోతుంది. హిందూపురానికి దక్షిణాన ఉన్న నంది కొండల వరస అలాంటి వెన్ను. పెన్న, చిత్రావతి, పాపఘ్ని అక్కడ పుట్టి మన వైపు దిగుతాయి. పాలారు, దక్షిణ పినాకిని తమిళ దేశం దారి పడతాయి. అర్కావతి పోయి కావేరిలో కలుస్తుంది. ఒకే వాన ఇన్ని ఇళ్లకు పంపకమవుతుంది.

ఆ వాన కూడా మాకు తక్కువే. ఎందుకు తక్కువో చెప్పాలంటే పెళ్లి భోజనాలు గుర్తు చేసుకోండి. నైరుతి మేఘాలు అరేబియా సముద్రం నుంచి గంపలు నింపుకొని వస్తాయి. పడమటి కనుమలు మొదటి బంతిలో కూర్చున్నాయి. ఆగుంబెలో ఏడాదికి ఏడువేల మిల్లీమీటర్లు దాటి కురుస్తుంది. వడ్డన కడబంతి దాకా వచ్చేసరికి గంప అడుగున మెతుకులే మిగులుతాయి. పాత అనంతపురం జిల్లా సగటు 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. ఇంకో తలుపు నుంచి ఈశాన్య రుతుపవనాలు వస్తాయి గానీ వాటికి నెల్లూరు, చిత్తూరు ముందు బంతులు. మేము రెండు వరసల్లోనూ చివరనే. దీన్ని వర్షచ్ఛాయా ప్రాంతం అన్నారు. ఛాయ అంటే చల్లగా ఉంటుందనుకుంటారేమో, పేరు పెట్టినవాళ్లు ఏప్రిల్లో ధర్మవరం వచ్చివుండరు.

ఇలాంటి చోట ఒక రాజ్యం పెనుకొండను ముఖ్య పట్టణంగా ఎంచుకుంది. కొండ చూస్తే కారణం తెలుస్తుంది. చుట్టూ మైదానం, మధ్యలో నిటారుగా రాయి. శత్రువు ఏ పక్క నుంచి వచ్చినా ముందే కనబడతాడు. 1565 యుద్ధంలో ఓడిన తర్వాత తిరుమలరాయలు విజయనగరం వదిలి పెనుకొండకే వచ్చాడు. తర్వాత వెంకటపతిరాయల కాలంలో రాజధాని చంద్రగిరికి పోయింది. కోట, గగన్ మహల్ గురించి పర్యాటకుల పుస్తకాల్లో బోలెడంత ఉంది, దాన్ని వదిలేద్దాం. నాకు ఆసక్తి కలిగించేది అంతకు 177 ఏళ్ల ముందటి సంగతి. కోటకు మంచి చోటు నీళ్లకు మంచి చోటు కావాలని లేదు. ఎత్తు శత్రువును ఎలా ఆపుతుందో నీళ్లనూ అలాగే ఆపుతుంది.

శక సంవత్సరం 1310, అంటే 1388. రెండో హరిహరరాయల కొడుకు బుక్కరాయలు పెనుకొండలో ఉన్నాడు. నీళ్లే ప్రాణులకు ప్రాణం గనుక ప్రజలు సుఖంగా ఉండాలని, హెన్నె నదిని పెనుకొండకు తీసుకురావాలని నిండు కొలువులో సింగాయభట్టు అనే అతన్ని ఆజ్ఞాపించాడు. జలసూత్రం తెలిసిన మనిషి ఈ సింగాయభట్టు. అతను సిరువెర చెరువు దాకా కాలువ తవ్వించి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని పేరు పెట్టి, శాసనం వేయించాడు. శాసనం కన్నడంలో ఉంది. దొరికింది ఇప్పటి కర్ణాటకలోని గౌరిబిదనూరు తాలూకాలో. హెన్నె అంటే మన పెన్నే. పాలు హాలు అయినట్టు, పులి హులి అయినట్టు పెన్న హెన్నె అయింది. హిందూపురం సంతలో ఈ రెండు భాషలూ ఒకే నోట్లో వినబడతాయి కాబట్టి మాకిది వింత కాదు.

ఈ శాసనంలో నన్ను ఆపేసింది అది దొరికిన చోటు. పెనుకొండకు నీళ్లు కావాలి. పెన్న పెనుకొండకు పడమరగా, హిందూపురం పక్కనుంచి పోతూనే ఉంది. మరి పని జరిగింది దక్షిణాన అంత దూరంలో గౌరిబిదనూరు వైపు ఎందుకు? మ్యాపును నేలలాగా చదివితే జవాబు దొరుకుతుంది. దగ్గరలో నది ఉంది నిజమే, కానీ అది పల్లంలో ఉంది. పల్లంలో పారే నీళ్లను పక్కనున్న మెరకకు ఎక్కించడానికి ఆ రోజుల్లో ఏతం, కపిల తప్ప ఇంకేం లేవు. వాటితో ఒక కయ్య తడుస్తుంది, పట్టణం తడవదు. అందుకని నది వెంట ఎగువకు పోవాలి, ఇంకా ఎగువకు పోవాలి, నది మనకంటే ఎత్తులో ఉన్న చోటు దొరికే దాకా.

తర్వాతది అసలు తెలివి. నది కిలోమీటరుకు మూడు మీటర్లు దిగుతుందనుకుందాం. పక్కనే తవ్విన కాలువను అర మీటరు మాత్రమే దిగేలా నడిపిస్తే, ఇరవై కిలోమీటర్లు పోయేసరికి కాలువ నది కంటే యాభై మీటర్ల ఎత్తున ఉంటుంది. నీళ్లు ఎక్కడా ఎక్కలేదు. రెండూ దిగుతూనే ఉన్నాయి, ఒకటి తొందరగా, ఇంకొకటి నిదానంగా. కొండ మీదికి ఎక్కే బస్సు రోడ్డు కూడా నిట్టనిలువుగా పోకుండా చుట్లు తిరుగుతుంది. కాలువదీ అదే పద్ధతి, కాకపోతే తిరుగు దిశలో. గుట్ట అడ్డొస్తే దాని నడుం చుట్టూ ఒకే మట్టంలో తిరిగిపోవాలి. మన పుస్తకాల్లో 'సమోన్నత రేఖలు' అని గీసే వంకర గీతలు అవే. సింగాయభట్టు వాటిని కాగితం మీద గీయలేదు, పారలతో నేల మీద గీయించాడు.

వాలు మరీ తగ్గితే ఒండ్రు పేరుకొని కాలువ పూడిపోతుంది. పెరిగితే గట్లు కోసుకుపోతాయి. రెంటికీ మధ్య సందు చాలా సన్నం. ఇప్పటికీ మేస్త్రీలు పునాది మట్టం చూడటానికి పారదర్శకమైన పైపులో నీళ్లు నింపి రెండు చివరలూ పట్టుకుంటారు. పైపు ఎటు వంగినా రెండు కొసల్లో నీళ్లు ఒకే మట్టానికి వస్తాయి. ఎన్ని లేజరు యంత్రాలొచ్చినా మా వీధిలో కట్టుబడి పని ఇంకా ఆ పైపుతోనే మొదలవుతుంది. నీళ్ల మట్టం నీళ్లే చెబుతాయన్న ఆ పాత నమ్మకం మీదే ఇంత పెద్ద కాలువ పని కూడా నడవాలి.

అదే కాలానికి చెందిన ఇంకో శాసనం కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర ఉంది, 1369 నాటిది. భాస్కర భవదూరుడనే విజయనగర రాజకుమారుడు వేయించింది. వెయ్యిమంది కూలీలు, రాళ్లు మోయడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్కలు చెబుతుంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా రాసింది. దోషాల్లో కట్ట ఊటెక్కడం, చవుడు నేల, చెరువు నడిమిన మెరక ఉండడం, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, ఆయకట్టు తక్కువై నీళ్లు ఎక్కువ కావడం ఉన్నాయి. ఇవన్నీ ఏ ఇంజనీరైనా చెప్పేవే. ఆరో దోషం మాత్రం వేరు రకం: రెండు రాజ్యాల సరిహద్దు మీద ఉండడం.

కట్టకు, మట్టికి ఉండే లోపాల సరసన రాజకీయపు లోపాన్ని కూర్చోబెట్టిన ఆ మనిషి ఎవరో గానీ అనుభవం ఉన్నవాడు. మా పెన్న కథ అంతా ఆ ఆరో దోషమే అని నాకనిపిస్తుంది. 1388లో గౌరిబిదనూరుకూ పెనుకొండకూ ఒకే రాజు. కొలువులో ఒక మాట అంటే కాలువ తవ్వారు. ఐదొందల ఏళ్ల తర్వాత గౌరిబిదనూరు మైసూరు సంస్థానంలో, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మద్రాసు ప్రెసిడెన్సీలో. 1892లో మైసూరు, మద్రాసు ఒప్పందం రాసుకున్నాయి. జాబితాలోని నదుల మీద మద్రాసు ఒప్పుకోకుండా మైసూరు కొత్త కట్టలు కట్టకూడదని అందులో ఉంది. ఆ జాబితాలో పెన్న, చిత్రావతి, పాపఘ్ని మూడూ ఉన్నాయి. పెన్న అయితే సరిహద్దును ఒకసారి దాటి ఊరుకోదు. హిందూపురం దగ్గర ఆంధ్రలోకి వచ్చి, మళ్లీ కర్ణాటక పావగడ తాలూకాలోకి పోయి, రామగిరి వైపు తిరిగి మనలోకి వస్తుంది. గీత గీసినవాళ్లు నది పారే తీరు చూసి గీయలేదు.

గీతను నీళ్లు పట్టించుకోవని 2021 నవంబరులో అందరికీ తెలిసింది. ఏళ్ల తరబడి ఇసుక తప్ప ఏమీ కనబడని చిత్రావతి ఎగువ వానలతో ఒక్కసారిగా వచ్చి పడింది. నదిలో చిక్కుకున్న పదిమందిని వాయుసేన హెలికాప్టరు వచ్చి తీసుకుపోవాల్సి వచ్చింది. పరీవాహక ప్రాంతం అంటే ఇదే: ఎక్కడో పడిన వానకు ఇక్కడ మనం తడవడం.

ఎత్తు తేడా చేసే పని ఇంకొకటి ఉంది, అది అంగట్లో కనబడుతుంది. రెండువందల యాభై మీటర్లు ఎక్కితే గాలి సుమారు డిగ్రీన్నర చల్లబడుతుంది. మనకు తెలియకపోవచ్చు గానీ పట్టుపురుగుకు తెలుస్తుంది. ఇరవై అయిదు డిగ్రీల చుట్టుపక్కల ఉంటే దానికి హాయి. మల్బరీ తోటలు, పట్టుగూళ్ల మార్కెట్టు హిందూపురంలో, మగ్గాలు ధర్మవరంలో. పురుగు మీదూళ్లో మేస్తుంది, చీర కిందూళ్లో నేస్తారు. ధర్మవరం పట్టుకు భౌగోళిక సూచిక కూడా వచ్చింది. ఆ గుర్తింపు సర్టిఫికెట్లో భూగోళం అన్న మాట ఉండడం నాకు భలే నచ్చుతుంది.

ఇప్పుడు పెనుకొండకు నీళ్లు మళ్లీ వచ్చాయి, ఈసారి ఉత్తరం నుంచి. 2016లో కృష్ణా నీళ్లు హంద్రీ-నీవా కాలువలో పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయానికి చేరాయి. అక్కణ్ణించి మడకశిర బ్రాంచి కాలువ ఇంకా మీదికి పోతుంది. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు, అంటే 270 మీటర్లు. హిందూపురం 620. నడుమ 350 మీటర్ల తేడా, అంతస్తుకు మూడు మీటర్ల చొప్పున నూటపదహారు అంతస్తుల మేడ. మిద్దె మీది ట్యాంకుకు మోటరు వేసినట్టు, ఒక మోటరు ఎత్తిపోసిన నీళ్లను ఇంకొకటి అందుకుంటూ దశలు దశలుగా ఎక్కిస్తారు. సింగాయభట్టు ఎగువకు పోయి వాలును వెతికాడు, మనం దిగువకు పోయి కరెంటు బిల్లు కడుతున్నాం. తప్పుపట్టడానికి అనడం లేదు. పెన్నలో ఎగువన ఇప్పుడు తెచ్చుకోవడానికి ఏమీ మిగల్లేదు, సరిహద్దు ఒకటి అడ్డం.

పోయిన వేసవిలో గొల్లపల్లి కట్ట మీద ఒక పెద్దాయనను "ఈ నీళ్లు ఎక్కడివి?" అని అడిగాను. "కిందినుంచి మీదికి వచ్చాండాయప్పా" అన్నాడు, పెనుకొండ కొండ వైపు చూస్తూ. హంద్రి కర్నూలు దగ్గర తుంగభద్రలో కలిసే నది, నీవా చిత్తూరు పక్కన పారేది. కాలువ పేరులో రెండూ ఉన్నాయి. నీళ్లు మాత్రం కృష్ణవి.