ఇంటిపేరు

‘ఇల్లు’కు విభక్తి రూపం ‘ఇంటి’. దానికి ‘పేరు’ చేరితే ఇంటిపేరు. వంశాన్ని తెలిపే ఈ పేరు తెలుగువారిలో సాధారణంగా ముందు వస్తుంది: గురజాడ అప్పారావులో గురజాడ ఇంటిపేరు. డేటా ఫీల్డుకు ‘లాస్ట్ నేమ్’ అని పేరు పెడితే చిక్కు ఇక్కడే. అది స్థానాన్ని చెబుతుంది, అర్థాన్ని కాదు. ఒకరు అందులో అప్పారావు అని నింపుతారు, మరొకరు గురజాడ అని. ఆ తర్వాత ఏది ఏదో ప్రోగ్రాముకు తెలిసే దారి లేదు. సంప్రదింపు వివరాలను ఫైలుగా పంచుకునేందుకు 2011లో వచ్చిన వీకార్డ్ 4.0 ప్రమాణం ‘ఫ్యామిలీ నేమ్స్’, ‘గివెన్ నేమ్స్’ అనే మాటలు వాడింది. ఎంతో మేలైన ఎంపిక ఇది. తెలుగు ఫారాల్లో ‘ఇంటిపేరు’ అన్న మాటే ఆ స్పష్టతనిస్తుంది. అయితే ఇంటిపేరును ‘జి.’ అంటూ పొడి అక్షరంగా కుదించే అలవాటు బలంగా ఉంది కాబట్టి, ‘పూర్తిగా రాయాలి’ అన్న సూచన కూడా ఫీల్డు వివరణలో ఉండాలి.