గొలుసు నుంచి చేతి కంట్రోలరు దాకా



పైరుకు పురుగు పడితే మందున్నది. పొలం హద్దు చెరిగితే మందేది? కచేరీల చుట్టూ తిరగటమే గదా! రేపో మాపో మీ గట్టుమీదికి సర్వేయరు వస్తాడు. ఆయన చేతిలో పొడవాటి కర్ర, కర్రకొసన పుట్టగొడుగు వంటి యాంటెన్నా, నడుమ అరచేతిలో ఇమిడే కంట్రోలరు ఉంటాయి. మొత్తాన్ని రోవర్ అంటారు. దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తెలియాలంటే, దాని తాతముత్తాతల సంగతి కొంచెం తెలుసుకోవాలి.

ముందు హైదరాబాదు పాతబస్తీలోని చాంద్రాయణగుట్టను చూడండి. ఒకప్పుడది నగరం బయటి ఊరు. ఇప్పుడక్కడ ఇళ్ళు, దుకాణాలు, రింగు రోడ్డు, ఫ్లైఓవరు. ఇట్లా ఊళ్ళు బస్తీలైనచోట హద్దురాళ్ళు పునాదుల కింద పడిపోతాయి. దస్తావేజుల్లో సర్వే నంబర్లు మాత్రం బతికే ఉంటాయి. ఆ హద్దును మళ్ళీ నేలమీద చూపించవలసి వస్తే దిక్కేమిటి? ఏనాడో గొలుసు లాగినవాడు వ్రాసి ఉంచిన అంకెలే. పనిముట్టు పోతుంది, పట్టినవాడు పోతాడు, వ్రాత నిలుస్తుంది. అందుచేత ఏ పనిముట్టు గురించైనా రెండు మాటలు అడగాలి: పొలంలో అది తట్టుకుంటుందా? అది వ్రాసినదాన్ని మరొకడు సరిచూడగలడా?

నిజాం రాజ్యంలో మొదటి సాలార్ జంగ్ దివానుగా ఉండగా, 1870ల దశకంలో, బొంబాయి పద్ధతి ననుసరించి సర్వే, బందోబస్తు మొదలైనాయి. ఆ పద్ధతిలో గొలుసు పొడవు 33 అడుగులు. దానికి 16 అణాలు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు కలిస్తే ఒక గుంట, అంటే 121 చదరపు గజాలు. 40 గుంటలు ఎకరం. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల్లో గంటర్ గొలుసు నడిచింది. దాని పొడవు 66 అడుగులు, లింకులు 100. పది చదరపు గొలుసులు ఎకరం. కొలతలు వ్రాసిన పటాన్ని తెలంగాణలో టిపన్ అన్నారు. అటువైపు దానికి సాటి ఎఫ్.ఎం.బి.

గొలుసు మొండి పనిముట్టు. ఎండకూ, వానకూ, బురదకూ జంకదు. కింద పడితే పగలదు. రైతుకూడా దాని రెండో కొస పట్టుకొని లెక్క చూసుకోవచ్చు. కాని దానికీ ఒక రోగం ఉన్నది. లాగగా లాగగా కడియాలు అరిగి గొలుసు సాగుతుంది. 33 అడుగుల గొలుసు 2 అంగుళాలు సాగిందనుకోండి. అదేం లెక్క అంటారా? పొడవులో నూటికి అర వంతు, వైశాల్యంలో నూటికి ఒక వంతు తగ్గుతుంది. 10 ఎకరాల పొలం కాగితం మీద దాదాపు 4 గుంటలు తక్కువ పడుతుంది. ఎవరూ దొంగిలించలేదు, అరిగిన కడియాలు మింగాయి! అందుకే గొలుసును ఎప్పటికప్పుడు అసలు కొలతతో సరిచూడాలని నియమం పెట్టారు.

పెద్ద పనిముట్లకూ తిప్పలు తప్పలేదు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వేలో వాడిన థియోడలైటు అరటన్ను బరువు. 1808లో తంజావూరు గుడిగోపురం మీదికి ఎక్కిస్తుంటే తాడు తెగి అది గోడకు కొట్టుకొని, చక్రం వంగిపోయింది. లాంబ్టన్ ఆరు వారాలు తలుపు మూసుకొని, చీలలూ మరలూ బిగించి దాన్ని బాగుచేసుకున్నాడు. సర్వే ఉత్తరానికి సాగి మన నేలమీదికి వచ్చింది. 1818 చివర జార్జి ఎవరెస్టు హైదరాబాదులోనే ఆయన దగ్గర పనిలో చేరాడు. దెబ్బ కంటికి కనిపించింది గనుక మనిషి చేత్తో సరిచేయగలిగాడు. ఇది గుర్తుంచుకోండి.

ఇక 1970ల, 1980ల దశకాలకు వద్దాం. కోణాన్నీ దూరాన్నీ ఒకటే యంత్రం కొలిచే టోటల్ స్టేషన్లు వచ్చాయి. అంకెలు పుస్తకంలో వ్రాసే బదులు చేతిపెట్టెలో నింపటం మొదలైంది. 1979లో వచ్చిన హెచ్‌పి-41సి కాలిక్యులేటరును సర్వేయర్లు లెక్కలకు వాడుకున్నారు. 1983లో బ్రిటనునుంచి వచ్చిన హస్కీ హంటర్ వానకూ ధూళికీ తట్టుకునేటట్లు కట్టిన చేతి కంప్యూటరు. 56ను 65 అని వ్రాసే పొరపాటు తగ్గింది. కాని గట్టుమీద నిలబడ్డ నలుగురూ చూడగల పుస్తకం పోయి, ఒకడికే కనబడే చిన్న తెర వచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 21న మొదలైన రీసర్వేలో డ్రోన్లు, ఉపగ్రహ ఆధార కేంద్రాలతోపాటు రోవర్లను వాడారు. విస్తీర్ణం తగ్గిందని చాలా గ్రామాల్లో రైతులు ఫిర్యాదు చేశారు. తెలంగాణలో 2025 ఏప్రిల్‌లో వచ్చిన భూభారతి చట్టంకూడా భూమి పటానికి చోటిచ్చింది. కనుక ఈ యంత్రంతో మనకు పని తప్పదు.

దాని గట్టిదనం ఎట్లా తెలుస్తుంది? పెట్టెమీద ఐపి67 అని ఉంటే, ధూళి లోపలికి చొరదు. మీటరు లోతు నీళ్ళలో అరగంట పడి ఉన్నా నీరు దిగదు. మంచిదే. కాని మే నెల మిట్టమధ్యాహ్నం తెర కనబడుతుందా? చినుకులు పడ్డప్పుడు వేలి మాట వింటుందా? బురదచేత్తో నొక్కటానికి మీటలున్నాయా? బ్యాటరీ దిగితే మరొకటి ఉన్నదా? ఈ సంగతులు ఆ రెండంకెలు చెప్పవు. ఎండలో తెర కనబడక తప్పు నంబరు నొక్కితే, ఎంత గట్టి యంత్రమైనా ఆ తప్పును భద్రంగా దాస్తుంది.

మరొకటి. రోవర్‌కు ఆకాశం బాగా కనబడాలి. బయలు పొలంలో అది సెంటీమీటర్లలో చెప్పగలదు. చింతతోపు కిందా, చాంద్రాయణగుట్ట వంటి బస్తీల ఇరుకు సందుల్లోనూ ఉపగ్రహ సంకేతం ఆగుతుంది, లేదా గోడలకు తగిలి తిరిగి వచ్చి తికమక పెడుతుంది. అట్లాంటిచోట టేపూ, టోటల్ స్టేషనే శరణ్యం.

కనుక సోదరులారా, కొలత రోజున నాలుగు పనులు చేయండి. ఒకటి, పక్క రైతుతోసహా గట్టుమీద ఉండండి. రెండు, తెరమీద ఫిక్స్‌డ్ అని ఉన్నదో ఫ్లోట్ అని ఉన్నదో అడగండి. ఫిక్స్‌డ్ అయితేనే సెంటీమీటర్ల నమ్మకం. ఫ్లోట్ అయితే ఆగమనండి. మూడు, కర్రకున్న రసమట్టం చూడండి. రెండు మీటర్ల కర్ర ఒక డిగ్రీ ఒరిగితే గుర్తు మూడున్నర సెంటీమీటర్లు తప్పుతుంది. కొన్ని కొత్త యంత్రాలు ఒరుగును తామే సరిచేసుకుంటాయి. అయినా అడగటంలో తప్పు లేదు. నాలుగు, తెలిసిన హద్దురాయి దగ్గర పని మొదట ఒకసారి, చివర ఒకసారి కొలిపించండి. రెండూ కలిస్తే సరి. కలవకపోతే సంతకం పెట్టకండి.

విస్తరణ కార్యకర్తలారా, ఆ సాయంత్రం అంకెలన్నీ కాగితం మీదికి ఎక్కి, ఒక ప్రతి రైతు చేతికి అందేటట్లు మీరు చూడండి. సాగిన గొలుసును ప్రమాణంతో పోల్చి పట్టుకున్నారు మన పెద్దలు. కంట్రోలరులో దాగిన తప్పును పట్టుకునేది ఆ కాగితమూ, మీ కళ్ళూను.

సెలవు.