రిటర్న్ లోడు లేని దారి

హైదరాబాదు నుంచి మచిలీపట్నం సుమారు 340 కిలోమీటర్లు. ముంబై పక్కనున్న నవాషేవా రేవు దాదాపు 700. అయినా సనత్‌నగర్, తిమ్మాపూర్ కంటైనర్ డిపోల్లో రైలెక్కే పెట్టెలకు ముఖ్యమైన గమ్యం నవాషేవానే. భూపాలపల్లి జిల్లా చిట్యాల, మొగుళ్లపల్లి, రేగొండ చేలల్లో తీసిన పత్తి బేళ్లుగా మారి దేశం దాటాలన్నా ఇదే చిక్కు: దగ్గరి తీరం ఒకటి, సరుకు పోయే రేవు మరొకటి. రేవు లోతు చాలక, పెద్ద ఓడలు రాక అని చెప్పి ఊరుకోవడం మామూలు. అది సగం నిజమే. మిగతా సగం దారి మీద ఉంది. దారిలో సుంకం ఎన్నిచోట్ల కట్టాలి, సరుకు దింపిన బండి తిరిగి వచ్చేటప్పుడు ఏం తెస్తుంది అన్న లెక్కలే ఈ మెట్ట సీమకు ఏది రేవో చాలాసార్లు తేల్చాయని చరిత్ర చెబుతోంది.

చిట్యాలకు అట్టే దూరం లేని గణపురం కోటగుళ్లు కాకతీయ గణపతిదేవుడి కాలానివి. ఆ రాజే 1244లో, ఇప్పటి బాపట్ల జిల్లా మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజులు లాగేసుకునేవారనీ, తాను మాత్రం ముప్పయింట ఒక వంతు సుంకమే తీసుకుంటాననీ అందులో మాట ఇచ్చాడు. గంధం, కర్పూరం, ముత్యాలు, పట్టు కోటల్లోకి పోయే సరుకులు, పల్లెకు వాటితో ఏం పని అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ప్రతి పల్లె పొయ్యి మీదికీ సముద్రం నుంచి వచ్చిన వస్తువు ఒకటుంది, ఉప్పు. దాన్ని పైకి మోసింది పెరికె ఎద్దులు. రెండు గోనెలను కలిపి కుట్టి ఎద్దు వీపుకు అటూ ఇటూ వేలాడేస్తారు. రెండు వైపులా తూకం సరిపోకపోతే మూట జారుతుంది, నాలుగు కోసులు నడిచేసరికి ఎద్దు వీపు పుండవుతుంది. పదిహేడో శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే పదీ పన్నెండు వేల ఎద్దుల లంబాడీ బిడారుల గురించి రాశాడు. అవి ఎదురైతే దారి ఖాళీ అయ్యేదాకా బాటసారులు రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదట. ఆ వ్యాపారం నిలబడిందంటే ధాన్యం ఒకవైపు, ఉప్పు మరోవైపు నడవబట్టే. ఎద్దు ఉత్త వీపుతో నడిచిన రోజు మేత ఖర్చు యజమాని నెత్తినే పడేది.

సుంకం సంగతి 1802 నాటి ఒప్పందంలోనూ కనిపిస్తుంది. నిజాం అలీఖాన్ మచిలీపట్నం రేవును వాడుకోవచ్చనీ, అక్కడ కోఠీ పెట్టుకోవచ్చనీ, సరుకు మీద నూటికి అయిదు సుంకమనీ ఈస్టిండియా కంపెనీ ఒప్పుకుంది. ఆ తర్వాత దిశ మార్చింది రైలు. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు పట్టాలు పడి నిజాం రాజధాని బొంబాయి లైనుకు అతుక్కుంది. పట్టాలు వరంగల్ చేరింది 1886లో, బెజవాడ చేరింది 1889లో. మచిలీపట్నానికి బెజవాడ నుంచి రైలు 1908లో గానీ రాలేదు. పడమటి దారికి అంత ముందే ఊతం దొరికింది. 1864 తుఫాను మచిలీపట్నాన్ని ఊడ్చేసిందన్నదీ కాదనలేం, ఆ ఉప్పెనలో పోయిన ప్రాణాలు 30 వేల దాకా. అయితే దెబ్బతిన్న రేవులు మళ్లీ లేచిన సందర్భాలు ఉన్నాయి, వెనక సరుకు తెచ్చే దారి ఉన్నప్పుడు. బిడార్లకు ఆ దారే పోయింది. ఉప్పు మీద కంపెనీ గుత్తాధిపత్యం, ఆ వెనక రోడ్డూ రైలూ లంబాడీలను రవాణా నుంచి తప్పించి పశుపోషణకూ సాగుకూ ఎలా నెట్టాయో చరిత్రకారుడు భంగ్యా భుక్యా 2010 నాటి పుస్తకంలో వివరంగా చూపారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి తండాల చరిత్రలో అది పెద్ద అధ్యాయం. మనం దాన్ని రవాణా చరిత్రగా చదవడం అరుదు.

కంటైనర్ వచ్చి ఇదంతా మార్చేసిందంటారు. 1956లో అమెరికాలో మాల్కం మెక్లీన్ 58 పెట్టెలతో ఐడియల్ ఎక్స్ అనే ఓడను పంపినప్పుడు మొదలైన మార్పు, 1981లో బెంగళూరు డిపోతో మన దేశపు లోతట్టుకు చేరింది. 1988లో కంటైనర్ల రవాణాకు కాంకర్ సంస్థ ఏర్పడింది. మూట విప్పే బాధ నిజంగానే తీరింది. మిల్లుకు ఖాళీ పెట్టె రాగానే ఒక మనిషి లోపలికి వెళ్లి తలుపులు మూయించుకుంటాడు; ఎక్కడైనా వెలుతురు చుక్క కనిపిస్తే ఆ పెట్టె పత్తికి పనికిరాదు, చిల్లు గుండా వాన కూడా వస్తుంది కనుక. తర్వాత 170 కిలోల బేళ్లు పేర్చి, తలుపు గడియకు నంబరున్న బోల్టు సీలు వేస్తారు. సీలు చెదరకుండా, కాగితాలు సరిగ్గా ఉంటే రేవులో మళ్లీ విప్పి చూసే పని సాధారణంగా ఉండదు. గణపతిదేవుడి శాసనం వర్తకుడికి ఇచ్చిన భరోసా లాంటిదే ఈ సీలు వల్లా దొరుకుతోంది. రెండో లెక్క, తిరిగొచ్చే బండి ఏం తెస్తుందన్నది మాత్రం తేలలేదు. వరంగల్ చుట్టుపక్కలకు పెట్టె నిండుగా వచ్చే దిగుమతి సరుకు తక్కువ. హైదరాబాదు యార్డు నుంచి ట్రైలర్ ఖాళీ పెట్టెతో వస్తుంది, ఆ కిరాయీ బేళ్ల మీదే పడుతుంది. భూపాలపల్లి జిల్లాలో రైల్వే స్టేషనే లేదు. నల్లగొండ జిల్లాలోని చిట్యాల విజయవాడ హైవే మీదే ఉంది. పేరొకటే గానీ మన చిట్యాలకు ఆ అదృష్టం లేదు.

కరీంనగర్ గ్రానైట్ దిమ్మలు కంటైనర్ లేకుండానే గూడ్సు బండ్లలో కాకినాడ చేరి చైనాకు పోయాయి కదా, తూర్పు తీరం పనికిరాదని ఎలా అంటారు? నేను అనడం లేదు. ఆ ఉదాహరణ నా వైపే సాక్ష్యం చెబుతుంది: మొత్తం గూడ్సు బండి నింపగల బరువు ఒకేచోట దొరికితే దగ్గరి రేవే గెలుస్తుంది. పత్తి, మిర్చి ఒక్కో మిల్లు నుంచీ, ఒక్కో కోల్డ్ స్టోరేజీ నుంచీ ఒకటి రెండు పెట్టెలుగా కదులుతాయి. వాటిని ఒకచోట కూడగట్టేది యార్డు. మచిలీపట్నంలో ఇప్పుడు కొత్త రేవు కడుతున్నారు. కట్టాల్సిందే. దానితో పాటు కాజీపేట పట్టాల పక్కన ఖాళీ పెట్టెలు నిలవ ఉండే యార్డు, అక్కడే కస్టమ్స్ తనిఖీ, రేవు నుంచి తిరిగొచ్చే బండికి ఎరువో యంత్రాలో దొరికే ఏర్పాటు జరగకపోతే, చిట్యాల పత్తి ఎప్పటిలాగే పడమటికే పోతుంది.