బిడ్డలతో భూప్రదక్షిణము

భూప్రదక్షిణమనగానే మనకు విఘ్నేశ్వరుని కథ స్ఫురించును. కుమారస్వామి నెమలినెక్కి లోకమును చుట్టిరాబోగా, విఘ్నేశ్వరుడు తల్లిదండ్రులకే ప్రదక్షిణము చేసి పందెమున నెగ్గెను. బిడ్డలకు తల్లిదండ్రులే లోకమని ఆ కథకు తాత్పర్యము. అట్లయిన, తల్లిదండ్రులే పసిబిడ్డల నెత్తుకొని లోకమును చుట్టివచ్చినచో నేమందుము? అట్టి యాత్ర యొకటి 1876లో జరిగినది. ఆ యాత్రను గూర్చియు, సరిగా అవే నెలలలో మన తెలుగుసీమలో బిడ్డలతో ఇల్లు విడిచిన కుటుంబములను గూర్చియు ఈ ప్రసంగమున ముచ్చటింతుము. ఈ రెండును ఒక్కచోట చెప్పుకొన్నప్పుడే ప్రయాణమన నేమో మనకు బోధపడునని మా తలంపు.

1876 జూలై మొదటివారమున ఇంగ్లండు దక్షిణతీరమునుండి ‘సన్‌బీమ్’ అను విహారనౌక బయలుదేరెను. సన్‌బీమ్ అనగా సూర్యకిరణము. దాని యజమాని థామస్ బ్రాసీ. హేస్టింగ్సు పట్టణమునుండి పార్లమెంటునకు ఎన్నికయిన సభ్యుడు. అదే పేరుగల ఆయన తండ్రి స్వదేశమునందేగాక అనేక దేశములలో రైలుమార్గములు నిర్మించిన కంట్రాక్టరు. 1870లో మరణించునాటికి ఆ తండ్రి కూడబెట్టిన ఆస్తి ఏబదిలక్షల పౌనులకు మించినది. ఓడ 1874లో తయారైనది. దానికి మూడు తెరచాపకొయ్యలు. గాలి పడిపోయినపుడు నడుపుటకు ఆవిరియంత్రము. అందు బయలుదేరినవారు నావికులు, వంటవారు, వైద్యుడు, దాదులు, మిత్రులు అందరును కలిసి నలువదిముగ్గురు.

వారిలో థామస్ భార్య ఆన్నా, ఆమె నలుగురు బిడ్డలు ఉండిరి. పెద్దవానికి పదుమూడేండ్లు. పెద్దకూతురు మేబెల్‌కు సుమారు పదునొకండేండ్లు. మ్యూరియల్‌కు నాలుగేండ్లు. చివరి పాప మేరీకి ఏడాది దాటినదంతే. ఇంత పసివారిని వెంటబెట్టుకొని సముద్రముమీదికి పోవుట సాహసమా, అవివేకమా అని ఎవరైన అడుగవచ్చును. కాని ఒకమాట మరువరాదు. మూడేండ్ల ముందు, 1873లో, ఆ దంపతుల మరియొక కుమార్తె స్కార్లెట్ జ్వరముతో మరణించెను. ఆ కాలమున గొప్పవారి మేడలలోను పసిబిడ్డల ప్రాణములకు భరోసా లేదు. ఇంటనుండుట క్షేమము, వెలికిపోవుట అపాయము అను విభజన నాటి తల్లులకు మనకు తోచినంత తేటగా తోచియుండదు.

అపాయము మాత్రము త్వరలోనే ఎదురైనది. ఇల్లు విడిచి కొద్దిదినములైన గాకమునుపే, బిస్కే అఖాతప్రాంతమున ఒక సాయంకాలము అందరును ఓడ వెనుకభాగమున కూర్చుండియుండగా పెద్ద అల యొకటి వారిపై విరుచుకొనిపడెను. పెద్దకుమారుడు ఓడ అంచుదాక కొట్టుకొనిపోయి, అచటి కమ్మిని పట్టుకొని నిలిచెను. మేబెల్ ఒక త్రాటిచుట్టపై కూర్చుండియుండెను. ఆమె ప్రక్కనున్న కెప్టెను త్రాటికొనను తన మణికట్టునకు చుట్టుకొని, రెండవచేత ఆమెను అదిమిపట్టి కాపాడెను. త్రాడు అందకున్నచో ఇరువురును సముద్రమునకు దక్కియుందురు. ఆన్నా ఈ సంగతిని దాచక తన దినచర్యలో వ్రాసికొనినది. అయినను ఓడ వెనుకకు మరలలేదు.

అచటినుండి వారు మడీరా, కేప్‌వర్డ్ దీవులమీదుగా బ్రెజిలు దేశమున రియో నగరమునకును, పిదప బ్యూనస్‌ఏర్స్‌కును పోయిరి. 1876 సెప్టెంబరు 28న ఆర్జెంటీనా తీరమునకు దూరముగా మంటలలో చిక్కిన ‘మాంక్స్‌హేవెన్’ అను ఓడ వారికి కనబడెను. అది వేల్సునుండి చిలీదేశమునకు రాక్షసిబొగ్గు తీసికొనిపోవుచుండెను; ఆ బొగ్గే అంటుకొనెను. అందలి పదునైదుగురిని బ్రాసీ తన ఓడలోనికి ఎక్కించుకొనెను. పసివారున్న ఓడలో మరి పదునైదుగురికి అన్నపానములు సమకూర్చవలసివచ్చెను. మాజెల్లాన్ జలసంధి దాటి, చిలీ తీరమున వాల్పరైసో రేవు విడిచినపిమ్మట సుమారు నాలుగువారములు వారి కంటికి నేల కానరాలేదు. తరువాత తాహితి, డిసెంబరులో హవాయి దీవులు, అచటి కిలావియా అగ్నిపర్వతము, 1877 ప్రారంభమున జపాను, పిమ్మట హాంకాంగు, కాంటను, సింగపూరు, సింహళము. ఒకమారు చలికై పిల్లలగదిలో రాజేసిన నిప్పువలన ఓడకే నిప్పంటుకొనెను. దాది పసివారిని రాత్రివేళ పడకనుండి ఎత్తుకొని వెలికి పరుగెత్తవలసివచ్చెను.

ఇట్టి యాత్ర ముప్పదియేండ్లకు ముందు ఇంత సులభముగా సాగెడిది కాదు. 1869లో సూయజుకాలువ తెరవబడెను. దాదాపు ప్రతి ముఖ్యమైన రేవునను ఆవిరియోడలకు బొగ్గు దొరకుచుండెను. సముద్రగర్భమున తంతితీగెలు పరచబడియుండెను. సింహళము, సింగపూరు, హాంకాంగు, ఏడెను, మాల్టా, జిబ్రాల్టరు, అన్నింటను బ్రిటిషు పతాకమే ఎగురుచుండెను. కావున బ్రాసీ బిడ్డలు రేవు మారినను, తమ భాష మాటలాడువారు, తమ వైద్యము నెరిగినవారు ఎదురువచ్చెడివారు. 1877 మేనెల చివర కుటుంబము క్షేమముగా స్వగృహము చేరెను. మరుసటియేడు ఆన్నా ప్రకటించిన గ్రంథము పెక్కు ముద్రణలు పొంది, పలుభాషలలోనికి పరివర్తన చేయబడెను. పాఠకులను ఆకర్షించినది ఆమె చూచిన దేశములకన్న, ఓడలో ఒక సంసారము ఎట్లు నడచినదను సంగతియే. పిల్లల నిద్ర, జ్వరములు, పెంపుడుకుక్కలు, పండుగలు: ఇవి అందరికిని తెలిసిన విషయములే గదా.

ఇక మన దేశమువంక చూతము. సన్‌బీమ్ నౌక సింహళపు రేవులలో నిలిచినది 1877 మార్చి ఏప్రిలు నెలలలో. ఆ సముద్రమునకు ఈవలి ఒడ్డున, మద్రాసు రాజధానిలో, 1876లో వానలు తప్పిపోయి ఘోరమైన క్షామము ప్రబలియుండెను. అది ధాతనామసంవత్సరము, అందుచే మనవారు దానిని ధాతకరవని పిలిచిరి. బళ్లారి, కర్నూలు, కడప మండలములలో పైరులేదు, పశువునకు గడ్డిలేదు. 1877 జనవరిలో వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కరవుపనులలో మగవానికి దినమునకొక పౌను ధాన్యము, ఒక అణా చాలునని కూలి తగ్గించెను. మద్రాసు ఆరోగ్యాధికారియైన కార్నిష్ వైద్యుడు అది మనుష్యుని నిలుపజాలదని వాదించెను. తరువాత కూలి పెంచబడెను గాని అప్పటికే ఎందరో పోయిరి. మద్రాసు, మైసూరు, బొంబాయి ప్రాంతములన్నింట కలిసి ఆ క్షామమున ఏబదిలక్షలకు పైగా జనులు మరణించిరని చరిత్రకారుల అంచనా.

ఆ యేట ఎన్ని కుటుంబములు పసిబిడ్డలతో ఇల్లు విడిచెనో లెక్కలేదు. కొందరు కాటను దొర ఆనకట్టవలన నీరు నిలిచిన గోదావరీ డెల్టాకును, కృష్ణాడెల్టాకును నడచిపోయిరి. కొందరు మద్రాసు పరిసరముల గంజికేంద్రములకు చేరిరి. బకింగుహాము కాలువ త్రవ్వకములో మట్టితట్టలు మోసిన తల్లులు బిడ్డలను గట్టుమీద పరుండబెట్టిరి. తీరప్రాంతములవారు కొందరు రంగూను ఓడలెక్కిరి. మరికొందరు మద్రాసులోని డిపోలలో చేరి, దూరదేశపు చెరకుతోటలకు ఒప్పందకూలీలుగా పోయిరి.

ఆ చివరి త్రోవ కరవుతో పుట్టినది కాదు. మద్రాసునుండి బయలుదేరిన ‘ట్రూరో’ అను ఓడ 1860 నవంబరు 16ననే దక్షిణాఫ్రికాలోని డర్బను రేవును చేరెను. మధ్య కొన్నియేండ్లు ఆగిన ఆ వలస 1874లో మరల మొదలై 1911దాక సాగెను. ఆ కాలమంతటను నెటాలునకు పోయినవారు లక్షా ఏబదిరెండువేలమంది. అందు మూడింట రెండువంతులు మద్రాసునుండి పోయినవారే. వారిలో విశాఖపట్నము, గోదావరి, నెల్లూరు, చిత్తూరు ప్రాంతములనుండి పోయిన తెలుగువారు అనేకులు. నూరుగురు పురుషులకు నలుబదిమంది స్త్రీలైన ఉండవలెనను నిబంధన యుండుటచే, ఆ ఓడలలో సంసారములును, బిడ్డలును ఉండిరి. మద్రాసునుండి నెటాలునకు ప్రయాణము ఇంచుమించు ఐదువారములు. సన్‌బీమ్ బిడ్డలు పసిఫికు మహాసముద్రమున నేల కానక గడిపిన కాలముకన్న అది కొంచెమే ఎక్కువ. అలలు అవే, భయము అదే, పసివాని జ్వరము అదే.

మరి భేదమెచ్చట? ధనములోనని వెంటనే తోచును. అది నిజమేగాని, పూర్తిసమాధానము కాదు. బ్రాసీ కుటుంబము ఏ రేవులోనైన ఓడను వెనుకకు త్రిప్పుకొనగలదు. వారి ఇల్లు వారికొరకు తలుపు తెరచియే యుండెను. నెటాలునకు పోయిన కుటుంబము ఐదేండ్లు ఒప్పందపు పనిచేసి, మరి ఐదేండ్లు అచటనే గడపినగాని ఉచితముగా మరలివచ్చుటకు అర్హత పొందదు. ఏడాది పాపగా తల్లిచంకన ఓడనెక్కిన బిడ్డకు మరలివచ్చు హక్కు చేతికందునాటికి పదునొకండేండ్లు నిండును. అప్పటికి ఆ బిడ్డకు స్వగ్రామమన నేది? తల్లి చెప్పిన కథయే.

బిడ్డలతో చేయు ప్రయాణమునకు కొలత మైళ్లు కావు, వెనుక మిగిలిన ఇల్లని మేము భావింతుము. తిరిగిరాగలవాడు పోవుట యాత్ర. తిరిగిరాలేనివాడు పోవుట వలస. ఆన్నా ధైర్యమును ఈ మాట తక్కువచేయదు. ఆమెయు సముద్రమునకు వెల చెల్లించినది. 1887లో భారతదేశమును, ఆస్ట్రేలియాను చూచి మరలుచుండగా జ్వరపీడితయై, సెప్టెంబరు 14న ఓడలోనే కన్నుమూసెను. ఆమె దేహమును సముద్రమునకే అర్పించిరి. కాని ఆమె ఏమి చూచెనో, బిడ్డలకై ఎట్లు భయపడెనో లోకమునకు తెలియును. ఆమె వ్రాసినది, అచ్చయినది. ఐదువారములు పసిబిడ్డను ఒడిలో పట్టుకొని డర్బను చేరిన తెలుగుతల్లి ఏమి తలంచెనో ఎవరును వ్రాయలేదు. ఓడ జాబితాలో ఆమె పేరు, తండ్రిపేరు, ఊరు, కులము, వయస్సు, ఒంటిమీది గుర్తులు మాత్రమే మిగిలినవి. అయినను ఆ తల్లుల సంతతియే 1931లో దక్షిణాఫ్రికాలో ఆంధ్రమహాసభను స్థాపించి, తాతల భాషను నిలుపబూనెను. పుస్తకము వ్రాయనివారు సంతతిచేత చరిత్ర వ్రాయించిరన్నమాట.

శ్రోతలకు మా మనవి యొకటి. రంగూనుకో, నెటాలుకో, మారిషసుకో పోయినవారిని గూర్చిన మాట మీ యింటి పెద్దల నోట ఎన్నడైన వినియుందురు. ఎవరు పోయిరి, ఏ యూరినుండి పోయిరి, చంకన ఏ బిడ్డ యుండెను అని అడిగి, ఒక కాగితముమీద వ్రాసి పెట్టుకొనుడు. పెద్దలు పోయినపిమ్మట అడుగుటకు ఎవరును ఉండరు.