వేషం, విశ్వాసం, ఓటు

ఇబ్రహీంపట్నంలో గాని, బెజవాడలో గాని 1983 ఎన్నికల ప్రసక్తి వస్తే విద్యావంతులు ఇప్పటికీ ఒక మాట అంటారు: "కృష్ణుడి వేషం చూసి జనం ఓట్లు వేశారు." ఈ మాటలో ప్రజలపట్ల తేలికభావం ఉన్నది. చరిత్రపట్ల అలసత్వమూ ఉన్నది.

నిమ్మకూరు రైతుబిడ్డ నందమూరి తారక రామారావు 'మాయాబజార్'లో కృష్ణుడుగా కనిపించింది 1957లో. తెలుగుదేశం పార్టీ పెట్టింది 1982 మార్చి 29న. వేషమే ఓట్లు తెచ్చేదయితే పాతికేళ్ళపాటు దానికి రాజకీయశక్తి ఎందుకు లేకపోయింది? పైగా ఆయన చైతన్యరథమెక్కి ఊరూరా తిరిగింది కిరీటంతో కాదు, ఖాకీ దుస్తులతో. కాషాయం కట్టింది గద్దెనెక్కిన తర్వాత. పొరుగున ఎం.జి. రామచంద్రన్ దేవుడి వేషాలమీద ఆధారపడకుండానే 1977లో తమిళనాడులో అధికారానికి వచ్చాడు.

ఇటువంటి జనాకర్షణను పరిశీలించిన జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్, దానికి ప్రమాణం అనుచరుల గుర్తింపేనన్నాడు. అయితే ప్రజలు ఏ పరిస్థితులలో గుర్తిస్తారు? జవాబు ఆనాటి ఆంధ్రదేశంలోనే వెతకాలి.

1978 నుంచి అయిదేళ్ళలోపే కాంగ్రెసు అధిష్ఠానం నలుగురిని ముఖ్యమంత్రి పీఠమెక్కించింది. 1982లో బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యకు రాజీవ్ గాంధీవల్ల జరిగిన అవమానం 'ఆత్మగౌరవం' అన్న నినాదానికి ఊపిరిపోసింది. కాని ఈ ఒక్క మాట వేర్వేరు వర్గాలకు వేర్వేరుగా వినిపించింది. కాలువల కింద వరి పండించి, మిల్లులూ సినిమాహాళ్ళూ కట్టినా అంతవరకు ముఖ్యమంత్రి పదవి దక్కని కమ్మ ధనిక రైతాంగానికి అది అధికారం. కూలివాడికి కిలో రెండు రూపాయల బియ్యం. ఈ రెండు ఆకాంక్షలనూ 'తెలుగు' అన్న పేరు ఒకే గొడుగు కిందికి తెచ్చింది. ఆయన మాట వినేందుకు జనాన్ని చేర్చింది సినిమా; విన్న మాటకు బలమిచ్చింది జీవితం. 294 స్థానాలలో రెండువందలకు పైగా తెలుగుదేశానికి వచ్చాయి.

గొడుగు కింద వైరుధ్యం మాత్రం పోలేదు. 1985 జూలై 17న కారంచేడులో కమ్మ భూస్వాములు ఆరుగురు మాదిగలను చంపారు. చంపినవారూ తెలుగువారే, చచ్చినవారూ తెలుగువారే.

1989లో పార్టీ ఓడింది. హిందూపురంలో గెలిచిన రామారావు కల్వకుర్తిలో ఓడాడు. 1994లో మళ్ళీ ఆయననే గెలిపించారు. మరుసటి సంవత్సరం ఆయనను దింపినవారు ఓటర్లు కారు; చంద్రబాబు నాయుడి పక్షం చేరిన సొంత శాసనసభ్యులు.

భక్తుడు దేవుణ్ణి గద్దె దింపడు. 1989లో ఓటరు దింపాడు. అతనిది మూఢభక్తి అని ఇంకా ఎలా అనగలం?

1983లో విడిగా నిలబడిన రెండు కమ్యూనిస్టు పార్టీలూ కలిసి పది స్థానాలకైనా చేరలేదు. కూలివాడి ఆకలినీ అవమానాన్నీ ఎవరికంటె ముందుగా ఎరిగినవాళ్ళం మనం. ఆ రెంటినీ కలిపి చెప్పే ఒక్క మాట మాత్రం మరొకరి నోట వచ్చింది. జనాన్ని నిందించే ముందు, ఆ మాట మనకెందుకు దొరకలేదో పరిశీలించుకోవడం అభ్యుదయవాదుల కర్తవ్యం.