అమరావతీ ప్రదక్షిణము

కృష్ణానదీ తీరమున వెలసిన పురాతన గ్రామములలో అమరావతి మిక్కిలి ప్రసిద్ధమైనది. గుంటూరునకు ఉత్తరముగా సుమారు 20 మైళ్ల దూరమున, నది కుడిగట్టున నున్న యీ గ్రామమును ఒక పూటలో కాలినడకను చుట్టి రావచ్చును. అమరేశ్వరాలయముకడ బయలుదేరి, దక్షిణముగా మహాస్తూపమునకును, అచ్చటినుండి పడమరగా ధరణికోటకును పోయి, ఏటియొడ్డు వెంబడి మరల ఆలయమును చేరినచో అది యొక ప్రదక్షిణమగును. రెండువేల యేండ్ల క్రిందటి యాత్రికులు స్తూపమును చుట్టివచ్చినదియు ఈ రీతినే.

అమరేశ్వరస్వామి పంచారామ క్షేత్రములలో నొకచోట వెలసిన దేవుడు. క్రౌంచగిరి యను చిన్న గుట్టపై నున్న యీ ఆలయము స్తంభములపై నొక శాసనము కలదు. కోట వంశపు రాజగు రెండవ కేతరాజు క్రీ.శ. 1182లో దీనిని చెక్కించెను. ఈ రాజు శివభక్తుడు. అయినను ధాన్యకటకమున నెలకొన్న అమరేశ్వరునితోపాటు బుద్ధదేవుని ఉన్నత చైత్యమును గూడ శాసనమున పేర్కొని, బుద్ధునకు గ్రామములను, అఖండదీపములను సమర్పించెను. శివాలయపు స్తంభముపై బుద్ధునకిచ్చిన దానము నేటికిని నిలిచియుండుట ఈ యూరి ప్రజలు తరతరములుగా పాటించిన మర్యాదకు తార్కాణము.

ఆలయమునుండి దక్షిణముగా నడచినచో స్తూపస్థలము వచ్చును. చూడవచ్చినవారికి అచ్చట తొలుత గానవచ్చునది ఎత్తులేని గుండ్రని కట్టడము, చుట్టును నిలిపిన కొలది రాళ్లు మాత్రమే. ఒకప్పుడు ఇది సుమారు 160 అడుగుల వ్యాసము గల మహాచైత్యము. క్రీస్తునకు పూర్వమే ఆరంభమై, శాతవాహనుల కాలమున, అనగా క్రీ.శ. 2వ శతాబ్దమున, పరమవైభవము నందెను. చుట్టును శిలాప్రాకారము, ఆ ప్రాకారమునకును చైత్యమునకును నడుమ సుమారు 13 అడుగుల వెడల్పు గల ప్రదక్షిణమార్గము, నాలుగు దిక్కులందును ఐదేసి ఆయక స్తంభములు నుండెడివి. పల్నాటి సీమలో దొరకు లేతయాకుపచ్చ చాయగల సున్నపురాతిపై జాతకకథలును, బుద్ధచరితమును చెక్కబడెను.

ఈ రాళ్లను చేయించినవారు రాజులు మాత్రమే కారు. వర్తకులు, గృహిణులు, భిక్షువులు, భిక్షుణులు తమ పేళ్లను ప్రాకృతభాషలో, బ్రాహ్మీలిపిలో చెక్కించిరి. ఒక పూర్ణఘట ఫలకము విధికుడను చర్మకారుడు తన కుటుంబముతో గూడి చేసిన దానము. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అంగీకరించిన రాజముద్ర అమరావతీ శిల్పములలోని ధర్మచక్ర పూర్ణఘటముల ననుసరించినది. చెప్పులు కుట్టి జీవించినవాని యింటినుండి వచ్చిన పూర్ణఘటము ఆ సంప్రదాయములోనిదే. ఈ స్తూపపు రాతిపైననే వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 'నాగబు' అను మాటను గుర్తించి, తెలుగు పదములలో మిక్కిలి ప్రాచీనమైన దానినిగా లోకమునకు చూపిరి.

ఇంతటి చైత్యము ఏమయ్యెను? క్రీ.శ. 7వ శతాబ్దమున చీనాయాత్రికుడు హ్యూన్‌త్సాంగు వచ్చునాటికే ఇచ్చటి విహారములు పెక్కు పాడువడియుండెను. 1344 నాటి గడలదెణియ శాసనమునుబట్టి సింహళదేశపు ధర్మకీర్తి యను స్థవిరుడు ధాన్యకటకమున రెండంతస్తుల ప్రతిమాగృహమును బాగుచేయించెనని తెలియుచున్నది. పిమ్మట స్తూపము మట్టిదిబ్బయై, దీపాలదిన్నె యని పిలువబడెను. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు చింతపల్లినుండి వచ్చి అమరావతిని తమ నివాసముగా చేసికొనిరి. కొత్తపట్టణమునకు ఇటుకయు రాయియు కావలసివచ్చెను. పనివారు దిన్నెను త్రవ్విరి. చెక్కడపు రాళ్లు కట్టడములకు పోయెను. కొన్ని సున్నపు బట్టీలలో కాలిపోయెను.

1798లో కాలిన్ మెకంజీ యీ దిన్నెను చూచెను. 1816లో మరల వచ్చునప్పటికి దాని నడుమ చెరువు త్రవ్వబడియుండెను. అతడు తన చిత్రకారులచేత మిగిలిన శిలల రూపములను, స్థలపు కొలతలను వ్రాయించెను. పిమ్మట నశించిన పెక్కు ఫలకములు నేడు ఆ చిత్రములలో మాత్రమే కనబడును. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన శిల్పములు మద్రాసునకు చేరి, 1859లో లండనునకు తరలెను. 1877లో రాబర్ట్ స్యూయల్ కొంత త్రవ్వించెను. 1880లో మద్రాసు గవర్నరు ఉత్తరువుపై స్థలమంతయు శుభ్రపరుపబడెను. ఉద్దేశము మంచిదే, కాని ఏ రాయి ఎచ్చట నుండెనో వ్రాసికొనకయే త్రవ్వుటచే మహాచైత్యపు చోటు పెద్ద గుంతగా మిగిలెను. మరుసటి యేటనే వచ్చిన జేమ్స్ బర్జెస్ మిగిలినదానిని మాత్రమే లెక్కింపగలిగెను. అమరావతీ శిల్పములు నేడు చెన్నపట్టణపు మ్యూజియమునందును, లండనులోని బ్రిటిష్ మ్యూజియమునందును, అమరావతి మ్యూజియమునందును చెల్లాచెదరై యున్నవి.

స్తూపమునుండి పడమరగా పొలములనడుమ నడచినచో ధరణికోట వచ్చును. ఇదియే ధాన్యకటకము. మట్టికోట గోడల యానవాళ్లు నేటికిని కలవు. 1962 మొదలు 1965 వరకు జరిగిన త్రవ్వకములలో నదితో కలిసిన కాలువయు, దాని యొడ్డున కొయ్యస్తంభములతో కట్టి, తరువాత ఇటుకలతో బలపరచిన ఓడరేవును బయల్పడెను. నేడు పశువులు మేయు పచ్చికబయళ్లచెంత ఒకప్పుడు సరకుల నావలు లంగరు వేసెడివి. స్తూపమునకు ధనమిచ్చిన వర్తకులకు సిరి ఏ దారిని వచ్చెనో ఈ రేవు చెప్పుచున్నది.

అచ్చటినుండి ఏటియొడ్డున తూర్పుగా తిరిగివచ్చువాడు ఎడమచేత కృష్ణను, కుడిచేత గ్రామమును చూచుచు ఆలయమును చేరును. ఈ నడకలో ముఖ్యముగా గ్రహింపదగిన విషయమొకటి కలదు. కట్టినవారి ధనముగాని, రాతి గట్టిదనముగాని ఈ చరిత్రను పూర్తిగా కాపాడలేదు. కాపాడినది వ్రాత. శాసనము చెక్కినవాడు, చిత్తరువు గీసినవాడు, కొలత లెక్కించినవాడు దీనిని నిలిపిరి. మెకంజీకి తోడ్పడిన కావలి వేంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు తెలుగువారే. వారు కూర్చిన గ్రామ కైఫీయతులకు ఊరూర కరణముల యిండ్లలోని కవిలెలే ఆధారములయ్యెను.

2015లో రాష్ట్ర రాజధానికి అమరావతి పేరు పెట్టుటతో ఈ నామము మరల దేశమంతట మ్రోగినది. పేరు పెద్దదగుకొలది పాతచోట్లను మఱచు ప్రమాదమును పెరుగును. ప్రతి గ్రామమునందును ఒక పాడుదిబ్బయో, విరిగిన శాసనమో, పాతరేవో యుండును. రాయిని కదల్చుటకు ముందు అది ఎచ్చట, ఏ ముఖముగా, ఎంత కొలతతో నుండెనో వ్రాసి, పెద్దలు చెప్పు పేరునుకూడ చేర్చి, ఆ వ్రాతను గ్రంథాలయమున భద్రపరుపవలెను. దీపాలదిన్నె త్రవ్వినవారిలో ఒక్కడు తొలినాడే ఆ పని చేసియుండినచో, మహాచైత్యపు ప్రతి శిలకును నేడు దాని చోటు తెలిసియుండెడిది. గ్రామ గ్రంథాలయమునకు వచ్చు యువకులు తమ యూరిని ఒకమారు ఈ దృష్టితో చుట్టివచ్చి, చూచినదానిని ఒక పుస్తకమున వ్రాసి యుంచుదురు గాక!