గాలి రాకముందు కట్టిన ఊత



అరటి తోట వేసినవారికి ఒక సంగతి నేను చెప్పనక్కరలేదు. గెల దిగిన చెట్టుకు ఊతకర్ర ఎప్పుడు కట్టాలి? గాలి లేచిన తర్వాతనా? అప్పుడు తోటలో అడుగు పెట్టడమే కష్టం. గాలి లేని రోజున కట్టిన ఊతే గాలి రోజున చెట్టును కాస్తుంది. వైర్‌లెస్సు స్తంభాల చరిత్ర అంతా ఈ ఒక్క మాటలోనే ఉన్నది. ఈ వేళ ఆ చరిత్ర కొంచెం ముచ్చటించుకుందాం.

మన తాతల నాడు పంచాయతీ రేడియో కోసం రెండు గడలు పాతి, నడుమ రాగి తీగ కట్టేవారు. అదే ఏరియలు. దానినుండి పెట్టెకు మరొక తీగ దిగేది. కబురు వినడానికే కాదు, పంపడానికి కూడా ఇవే కావాలి. ఆకాశాన ఒక తీగ, దానిని ఎత్తి పట్టుకునే స్తంభం, కిందికి దిగే తీగ. జీతం కోసం కాక ఇష్టం కొద్దీ, ప్రభుత్వ లైసెన్సు పొంది, ఇంటినుండే ఇట్లా కబుర్లు పంపేవారిని అమెచ్యూర్లనీ, హామ్‌లనీ అంటారు.

మొదట స్తంభాల సంగతి. 1901లో మార్కోని అట్లాంటిక్ సముద్రం దాటించి కబురు పంపాలనుకున్నాడు. ఇంగ్లండులో పోల్డు అనే చోట, 200 అడుగుల స్తంభాలు 20, గుండ్రంగా నిలబెట్టించాడు. అయితే వాటి తలలను ఒకదానితో ఒకటి ముడివేశారు. ఇది నిలవదు సుమా అని వివియన్ అనే ఇంజనీరు ముందే హెచ్చరించాడు, వినలేదు. సెప్టెంబరు 17న గాలి వీచింది. ఒకటి పడుతూ తక్కినవాటినీ లాగింది, అన్నీ నేలకూలాయి. అమెరికాలో కేప్ కాడ్ వద్ద ఇదే పద్ధతిన నిలిపినవి నవంబరులో కూలిపోయాయి. చివరకు పోల్డులో రెండు స్తంభాలతో సరిపెట్టుకుని, ఆవలి ఒడ్డున న్యూఫౌండ్‌లాండ్‌లో గాలిపటంతో తీగ ఎగరేశారు. డిసెంబరు 12న మూడు చుక్కల సంకేతం విన్నానని మార్కోని ప్రకటించాడు. నిజంగా విన్నాడా అని శంకించేవారు నేటికీ ఉన్నారు. స్తంభాలు కూలాయన్నది మాత్రం ఎవరూ శంకించరు. ప్రతి స్తంభానికీ దాని ఊత దానికే ఉండాలని ఆనాటి పాఠం.

ఇక అమెచ్యూర్ల సంగతి వినండి. 1912లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసింది. పొడుగు తరంగాలు, అంటే మాగాణి వంటివి, ఓడలకూ సైన్యానికీ కంపెనీలకూ ఇచ్చారు. 200 మీటర్లూ, అంతకు తక్కువా ఉన్న పొట్టి తరంగాలు ఎందుకూ పనికిరావనుకుని వీరికి వదిలారు. బంజరు పట్టా ఇచ్చారన్నమాట!

మరి వీరు ఆ బంజరునే దున్నారు. 1921 డిసెంబరులో పాల్ గాడ్లీ అనే అమెచ్యూరు అమెరికానుండి స్కాట్లండు వెళ్లి, ఆర్డ్రాసన్ అనే ఊరి దగ్గర, సముద్రపు ఒడ్డు పొలంలో గుడారం వేశాడు. పొట్టి గుంజల మీద దాదాపు 400 మీటర్ల తీగ లాగాడు. చలిలో, వానలో రాత్రులు కూర్చుని, సముద్రం ఆవలి అమెచ్యూర్ల సంకేతాలు విన్నాడు. 1923 నవంబరులో ఫ్రాన్సులోని లియోఁ దెలోయ్, అమెరికాలోని ఫ్రెడ్ ష్నెల్ సుమారు 100 మీటర్ల తరంగం మీద ఒకరికొకరు బదులు చెప్పుకున్నారు. బంజరు పండింది. తర్వాత ప్రభుత్వాలూ కంపెనీలూ అక్కడికే పరుగెత్తాయి.

పొట్టి తరంగం వల్ల సామాన్యుడికి కలిగిన మేలు ఒకటుంది. ఏరియలు పొడుగు సాధారణంగా తరంగంలో సగం ఉంటే చాలు. 40 మీటర్ల తరంగానికి 20 మీటర్ల తీగ, అంటే రెండు తాటిచెట్ల నడుమ కట్టవచ్చు. కిందికి దిగే తీగ కూడా మారింది. పూర్వం నిచ్చెనలా రెండు తీగలు పక్కపక్కన దింపేవారు. తర్వాత లోపల ఒక తీగ, దాని చుట్టూ అల్లిక ఉన్న కేబులు వచ్చింది.

మన దేశంలో 1921లోనే అమరేంద్రచంద్ర గుప్తు, ముకుల్ బోస్ ఈ పని మొదలుపెట్టారు. మన హైదరాబాదులో 1983లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ వెలిసింది. ఆ సంస్థ తరఫున భారతి ప్రసాద్ గారు తోటివారితో కలిసి 2004 డిసెంబరు మొదట్లో అండమాన్ వెళ్లి, పోర్టు బ్లెయిరులో ఏరియలు నిలబెట్టారు. వారు వెళ్లింది ఇతర దేశాల అమెచ్యూర్లతో మాట్లాడడానికి. డిసెంబరు 26 ఉదయం భూమి కంపించింది, సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. వారాల ముందు నిలబెట్టిన ఆ తీగ ద్వారానే, మా వాళ్లు బ్రతికే ఉన్నారా అని అడిగే కుటుంబాలకు కబుర్లు వెళ్లాయి.

కోస్తావారికి ఈ సంగతి విడమరచి చెప్పాలా? 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన పదివేల మంది వరకు పొట్టన పెట్టుకున్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో సెల్‌ఫోన్లు కూడా మూగబోయాయి. అంచేత తుపాను ఊళ్లలో చదువుకున్న పిల్లలు పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, ఇట్టి స్టేషను ఒకటి పెట్టుకుంటే ఊరికి మేలు.

పెట్టడంతో పని తీరదు. నా తప్పు ఒకటి చెబుతాను. నేను పనిచేసిన ఒక ఆఫీసు ఆవరణలో వర్షం, గాలి కొలిచే పరికరానికి ఇనుప గొట్టం ఉండేది. దాని స్టే తీగ తుప్పు పట్టిందని నాకు తెలుసు. రేపు చూద్దాం అనుకున్నాను. ఆ రేపు రాకముందే గాలి వచ్చింది. గొట్టం విరిగి, గాలిని కొలవవలసిన రోజునే కొలత లేకపోయింది.

కాబట్టి స్తంభానికి మూడు వైపులా స్టే తీగలు కట్టండి, మేకులు గట్టి నేలలో దించండి. మృగశిర కార్తెకు ముందొకసారి, చిత్త, స్వాతి తుపానులకు ముందొకసారి తుప్పు, ముడులు చూడండి. కేబులు అతుకులో నీరు దిగితే, వత్తి నూనె పీల్చినట్లు అల్లిక నీటిని పీలుస్తుంది. అతుకులు టేపుతో మూయండి. కేబులు ఇంట్లోకి పోయేముందు కిందికి ఒక వంపు ఉంచితే నీరు అక్కడే చుక్కలుగా రాలుతుంది. ఎర్త్ తప్పక ఇవ్వండి. ఉరుముల మబ్బు రాకముందే కేబులు ఊడదీసి ఉంచండి. ఉరిమిన తర్వాత దానిని ముట్టరాదు.

అన్నిటికన్నా ముఖ్యం కరెంటు తీగ. స్తంభం పొడుగు ఎంతో, అంతకు కనీసం ఒకటిన్నర రెట్లు దూరం ఉండాలి. పొలంలో అల్యూమినియం పైపు నిలువుగా ఎత్తేటప్పుడు కూడా తల పైకెత్తి చూసుకోండి. కబురు పంపే స్తంభం చావు కబురుకు కారణం కాగూడదు గదా.

గాలి లేని రోజు మన చేతిలో ఉన్నది. అది ఈ వేళే కావచ్చు. లేచి, ఆ స్టే తీగ చూసి రండి.